మూడో పిలుపు

హనుమకొండలో మా ఊరి పిల్లలు చదువుకున్న కాలేజీ వెనక పైకప్పు లేని హాలు ఒకటి ఉండేది. పొద్దుగూకినాక ఆ పక్క నుంచి ఎవరూ పోయేవారు కాదు.

నాలుగు గోడలు, కిటికీల కోసం వదిలిన బొందలు, లోపల మోకాలెత్తు గడ్డి — అంతే. కట్టిస్తున్న కాంట్రాక్టరు మధ్యలో వదిలేసి పోయాడు. ఎందుకు పోయాడని అడిగితే కాలేజీ పిల్లలు గొంతు తగ్గించి చెప్పేవారు. కూలీలకు మస్టర్ పిలిచే మేస్త్రీ ఒకడు ఆ గోడ మీద నుంచి పడి చచ్చాడట. పొద్దున్నే కూలీల పేర్లు ఒక్కొక్కటే పిలిచి, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో చూసుకోవడం వాడి పని. చచ్చినా పని మానలేదు. చీకటి పడ్డాక హాలు నడుమ నిలబడి పేర్లు పిలుస్తూ ఉంటాడు... పిలిచిన పేరుకు ఎవడైనా పలికాడా — వాడు ఆ ఏడు దాటడు.

అందుకే దానికి మస్టర్ హాలు అని పేరు పడింది.

ఈ సంగతి నాకు చెప్పింది సారంగపాణి. పరకాల దగ్గర మా ఊరి బడిలో నా దగ్గరే అక్షరాలు దిద్దినవాడు. చెప్పేటప్పుడు వాడి ముఖంలో భయం లేదు, నవ్వూ లేదు. పక్కింటి వాళ్ళ ముచ్చట చెప్పినట్టు చెప్పాడు. నేనూ అట్లాగే చెప్తాను. ఒకటి రెండు చోట్ల ఆగుతాను — వాడు ఆగిన చోట్లే.

ముందు వాడి ఇంటి సంగతి చెప్పాలి. అది తెలియకపోతే ఆ హాలు సంగతి తెలియదు.

సారంగపాణి తండ్రి కట్టయ్య. బొంగురు గొంతు మనిషి. చెలక గట్టు మీద నుంచి ఎద్దును అదిలిస్తే, ఆ గొంతు ఎవరిదో ఊరందరికీ తెలిసేది. ఒక వానకాలం రాత్రి అన్నం తింటున్నాడు. బయట నుంచి ఎవరో పిలిచారు.

"కట్టయ్యా..."

ఒక్కసారే.

"ఆఁ... వస్తాన" అన్నాడు. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచి పోయాడు. తెల్లారి వాగు ఒడ్డున దొరికాడు. పాము ముట్టిందని కొందరన్నారు, నీళ్ళు గుంజుకున్నాయని కొందరన్నారు. పిలిచిందెవరో మాత్రం తేలలేదు. "నేనే పిలిచిన" అని ఊళ్ళో ఒక్కడూ అనలేదు.

కట్టయ్య తల్లి మొగిలమ్మకు మాత్రం అంతా తేలిపోయింది. దెయ్యం ఒక్కసారి పిలుస్తది, మహా అయితే రెండుసార్లు. మూడోసారి పిలవడం దానికి చేతకాదు. మూడోసారి పిలిచేది మనిషే. ఈ మాట మన పల్లెల్లో కొత్తది కాదు. కానీ అందరూ దాన్ని రాత్రి పూటకే పాటిస్తారు. మొగిలమ్మ పగటికీ పెట్టింది. ఆ ఇంట్లో అన్నానికి పిలిచినా, నీళ్ళకు పిలిచినా మూడుసార్లు పిలవాలి. మూడో పిలుపు రాకముందే పలికితే మనుమని వీపు మీద ఒక్కటి పడేది.

"నీ అయ్య ఒక్క పిలుపుకే పోయిండు కొడుకా. నువ్వు మూడింటికి పలుకు. ఎవడేమన్న అనుకోనీ."

ఊరందరికీ తెలిసిన సంగతే. బడిలో హాజరు తీసుకునేటప్పుడు నేను కూడా వాడి పేరు మూడుసార్లు పిలిచేవాణ్ణి. మొదటి పిలుపుకు తలెత్తేవాడు. రెండో పిలుపుకు నోరు తెరిచేవాడు. మూడో పిలుపుకు "హాజర్ సార్" అనేవాడు. ఒక్కొక్క పిల్లవాడికి ఒక్కొక్క తాళం చెవి ఉంటుంది. వాడి చెవి మూడుసార్లు తిప్పాలి. అంతే కదా అనుకున్నాను.

డెబ్బై ఎనిమిదిలో ఆ పిల్లవాడు రేకు పెట్టె ఒకటి పట్టుకొని హనుమకొండలో బస్సు దిగాడు. డిగ్రీ మొదటి సంవత్సరం.

మొదటి రోజుల్లో ఎట్లా అనిపించిందిరా అని అడిగాను. వాడన్నాడు — "కాలు మీద చానసేపు కూసుంటే తిమ్మిరెక్కుతది గదా సార్. గిల్లినా తెల్వదు. గట్ల."

హాస్టల్ మెస్సులో పెట్టింది తినేవాడు. ఏం తిన్నాడో గది కాడికి వచ్చేసరికి గుర్తుండేది కాదు. సీనియర్లు గోడకుర్చీ వేయమంటే వేసేవాడు. పాడమంటే నిలబడి ఊరుకునేవాడు. వీడిని ఏడిపిస్తే వీడు ఏడవడం లేదని వాళ్ళకే విసుగొచ్చి వదిలేశారు. క్లాసులో ఇంగ్లీషు రేకుల మీద వానలా మోగేది. చప్పుడు వినిపించేది, తడి తగిలేది కాదు.

గదిలో తోడు రాజమల్లు. నర్సంపేట పిల్లవాడు. నోరు మూతపడని మనిషి.

"అరే సారంగం, నువ్వు బతికున్నవా లేవా జర చెప్పు బై. రాత్రి ముక్కు కాడ ఏలు పెట్టి చూస్తాన రోజూ."

"ఉన్న."

"గంతే? ఉన్న? మా ఇంట్ల బర్రె గూడ నీకంటె ఎక్కువ మాట్లాడుతది."

మస్టర్ హాలు కథ చెప్పింది కూడా ఆ రాజమల్లే. ఆ ఏడు మళ్ళీ పిలుపులు వినిపిస్తున్నాయని, సైకిల్ మీద వస్తూ వంటమనిషి తన చెవులతో విన్నాడని, సైకిల్ అక్కడే వదిలి ఉరికి వచ్చాడని చెప్పాడు. సారంగపాణి విన్నాడు. నమ్మాడు. భయం మాత్రం కలగలేదు.

అసలు చిక్కు క్లాసులో వచ్చింది.

మిగతా లెక్చరర్లు హాజరుకు నంబర్లు పిలిచేవారు. నంబరుకు వాడు ఇట్టే పలికేవాడు. నంబరు తన పేరు కాదు గదా! మొగిలమ్మ కట్టడి పేరుకే. ఇంగ్లీషు చెప్పడానికి కొత్తగా వచ్చిన కిషన్ రావు సారు మాత్రం పేర్లు పిలిచేవాడు. సన్నగా, కళ్ళద్దాలతో, ఇస్త్రీ చొక్కాలో ఉండేవాడు. పేరు పెట్టి పిలిస్తే పిల్లలు దగ్గరవుతారని ఎవరో పెద్దాయన చెప్పాడట. మంచి మాటే. కానీ పిలిచే తీరు ఎట్లా ఉండేదంటే — రిజిస్టర్లో నుంచి తల ఎత్తకుండా, ఎవరో తరుముతున్నట్టు, ఒక్కొక్క పేరు ఒక్కొక్కసారే.

"రాజమల్లు."

"ప్రెజెంట్ సార్!"

"సారంగపాణి."

...

"సోమిరెడ్డి."

"ప్రెజెంట్ సార్."

అంతే. తలెత్తే లోపల తన పేరు దాటిపోయేది. మొదటి బెంచీలో కూర్చొని కూడా వాడు క్లాసులో లేనట్టే.

కావాలని ఊరుకున్నాడనుకోకండి. పలకాలనే అనుకునేవాడు. అనుకున్నప్పుడు నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. వీపు మీద ఎప్పుడో చిన్నప్పుడు పడిన దెబ్బ చుర్రుమనేది. వంగి, ఎంగిలి చేత్తో బయటికి పోతున్న తండ్రి కనిపించేవాడు.

"పొయ్యి సార్‌కు చెప్పు" అన్నాడు రాజమల్లు.

"ఏమని చెప్పాలె? మూడుసార్లు పిలువుండ్రి, లేకుంటె మా నాయనమ్మ కొడ్తది అనా?"

రాజమల్లు పడీ పడీ నవ్వాడు. నవ్వి, మరునాడు వీడి పేరుకు తనే గొంతు మార్చి "ప్రెజెంట్ సార్" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. కిషన్ రావు సారు ముఖం ఎర్రబడింది. ఆ పేరు పక్కన గట్టిగా గీత గీసి ముందుకు పోయాడు.

చలికాలం వచ్చింది. ఇంగ్లీషులో హాజరు తక్కువైనవాళ్ళ పేర్లు బోర్డు మీద పెట్టారు. అందులో సారంగపాణి ఉన్నాడు. ఇకనుంచి ఒక్క క్లాసులో కూడా హాజరు తప్పకుండా ఉంటేనే పరీక్షకు కూర్చోనిస్తారు. లేకపోతే ఆ ఏడు పోయినట్టే. ఏడు పోతే స్కాలర్‌షిప్ పోతుంది, స్కాలర్‌షిప్ పోతే హాస్టల్ పోతుంది. ఇంటికి పోతే మళ్ళీ రావడం ఉండదు — తల్లి సమ్మమ్మతో పాటు పత్తి ఏరడానికి పోవాల్సిందే. ఇవన్నీ వాడికి తెలుసు. ఎక్కాలు తెలిసినట్టు తెలుసు.

మరునాడు పొద్దున క్లాసు. బెంచీ అంచు రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాడు.

"రాజమల్లు."

"ప్రెజెంట్ సార్."

"సారంగపాణి."

నోరు తెరుచుకుంది. గాలి కూడా బయటికి రాలేదు.

"సోమిరెడ్డి."

అయిపోయింది.

ఆ సాయంత్రం రాజమల్లు మెస్సుకు పోగానే సారంగపాణి రేకు పెట్టె సర్దుకున్నాడు. ఏడుపు రాలేదట. పెట్టె మూస్తుంటే వేలు నలిగింది. రక్తం చూశాకే నలిగిందని తెలిసిందట.

అప్పుడే కరెంటు పోయింది. హాస్టల్లో పిల్లలు ఒక్కసారి ఓహో అని అరిచారు. ఆ అరుపుల్లో వీడు గేటు దాటింది ఎవరూ చూడలేదు.

సుబేదారి రోడ్డు మీదికి పోయి, అక్కడి నుంచి బస్టాండుకు నడిచి పరకాల బస్సు ఎక్కాలి. రోడ్డున పోతే చుట్టు. మస్టర్ హాలు పక్క నుంచి కాలిబాట ఉంది, దగ్గర. భయం ఉన్నవాడైతే చుట్టు తిరిగేవాడు. వీడు పెట్టె నెత్తిన పెట్టుకొని కాలిబాట పట్టాడు.

వెన్నెల లేదు. రాళ్ళ మీద చెప్పుల చప్పుడు... ఎక్కడో ఒక తీతువు... అంతే.

హాలు గోడ నల్లగా దగ్గరికి వచ్చింది.

గోడ పక్కకు వచ్చాడు. లోపల ఏదో కదిలింది. గడ్డి తొక్కిన చప్పుడు. ఆగాడు.

లోపలి నుంచి ఒక గొంతు —

"ఆంజనేయులు."

గట్టిగా, నింపాదిగా. పిలిచి ఆగింది. పలికేవాడి కోసం చూస్తున్నట్టు ఆగింది.

"ఐలయ్య..."

మళ్ళీ ఆగింది.

సారంగపాణికి అప్పుడు అర్థమైంది. ఇవి కూలీల పేర్లు కావు. తన క్లాసు పేర్లు. రిజిస్టర్లో ఉన్న వరసలో, ఒక్కటి తప్పకుండా వస్తున్నాయి. పోదామనుకున్నాడు. కాళ్ళు పోలేదు. ఒక్కొక్క పేరూ దగ్గరికి వస్తోంది... వాగు నీళ్ళు మెట్టు మెట్టు ఎక్కినట్టు వస్తోంది.

"రాజమల్లు."

నిశ్శబ్దం. రాజమల్లు మెస్సులో ఉన్నాడు. పలికేవాడు లేడు.

తర్వాత ఎవరి పేరో వాడికి తెలుసు.

"సారంగపాణి."

పెట్టె నెత్తి మీద బరువెక్కింది. పలకలేదు.

గొంతు ఈసారి ముందుకు పోలేదు. సోమిరెడ్డిని పిలవలేదు. అక్కడే ఆగింది. గాలి కూడా ఆగినట్టుంది.

"సారంగపాణి..."

రెండు.

దెయ్యమైతే ఇంతే. ఇక పిలవదు. నాయనమ్మ లెక్క ప్రకారం ఇప్పుడు పెట్టె పట్టుకొని పోవచ్చు. సారంగపాణి ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు వేశాడు. వెనక చప్పుడు లేదు. ఇంకేముంది, బస్సు, ఊరు, పత్తి చేను...

"సారంగపాణీ!"

మూడు.

ఆ గొంతు గోడల మధ్య తిరిగి ఎటు నుంచి వచ్చిందో తెలియలేదు. అంతసేపు పిలిచి పిలిచి కాబోలు, జర బొంగురుపోయి ఉంది. కానీ మూడోసారి. మనిషే!

ఇన్ని నెలలు గొంతులో నిలిచిపోయిందంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"ప్రెజెంట్ సార్!"

లోపల ధన్‌మని ఏదో పడింది. "ఓ అమ్మో..." అని ఒక కేక. టార్చి లైటు ఒకటి గడ్డిలో దొర్లి, వెలుగు గోడ మీద అడ్డదిడ్డంగా పాకింది.

"ఎ... ఎవరు? ఎవరక్కడ?"

ఈ గొంతు వేరు. గబగబా, వణుకుతూ, ఎవరో తరుముతున్నట్టు ఉంది. రోజూ క్లాసులో వినే గొంతు. సారంగపాణి పెట్టె దించి, కిటికీ బొందలో నుంచి లోపలికి చూశాడు. గడ్డిలో కూలబడి ఉన్నాడు కిషన్ రావు సారు. కళ్ళద్దాలు చెవికి వేలాడుతున్నాయి.

"నేను సార్. సారంగపాణిని. ఫస్టియర్."

"అది విన్న. మనిషివేనా?"

"మనిషినే సార్."

"ముట్టి చూడనియ్యి."

సారంగపాణి చెయ్యి చాపాడు. సారు పట్టుకొని చూశాడు. పట్టుకున్న చెయ్యి వదల్లేదు, చాలాసేపు.

అక్కడ గడ్డిలోనే కూర్చొని సారు చెప్పాడు. ఆయనకూ ఇది మొదటి సంవత్సరమే. క్లాసులో నిలబడగానే భయం. తల ఎత్తితే అన్ని కళ్ళు. అందుకే తల ఎత్తడు, అందుకే ఆ పరుగు. అద్దెగదిలో ప్రాక్టీసు చేసుకుందామంటే ఇంటివాళ్ళు కిటికీలో నుంచి తొంగి చూస్తారు. ఈ హాలుకు దెయ్యం పేరు ఉందని, ఎవరూ రారని, చదువు మొదలైన కాన్నుంచి పొద్దుగూకంగనే ఇక్కడికి వస్తున్నాడు. ముందు హాజరు, తర్వాత పాఠం.

"ఒక్క నీ పేరు కాడనే ఆగిపోతాన రోజూ" అన్నాడు. "అందరు పలుకుతరు. నువ్వు ఎదురుంగ కూసున్నది ఓరకంట కనబడుతనే ఉంటది, పలుకవు. నన్ను ఎగతాళి చేస్తున్నవనుకున్న. మరి ఎందుకు పలుకవు?"

సారంగపాణి చెప్పాడు. తండ్రి సంగతి, నాయనమ్మ సంగతి, వీపు మీది దెబ్బ సంగతి. ఎవరికీ చెప్పనిది అంతా చెప్పాడు.

"మీరు మూడోసారి గూడ పిలిచిండ్రు సార్. అందుకే పలికిన."

కిషన్ రావు సారు టార్చి వెలుగు వీడి ముఖం మీద వేశాడు. తర్వాత హాలు ఆ మూలకు వేశాడు. ఈ మూలకు వేశాడు. కిటికీ బొందలు ఒక్కొక్కటే చూశాడు.

"పద... పోదాం" అన్నాడు మెల్లగా. "పెట్టె నేనొక దిక్కు పట్టుకుంట. హాస్టల్‌కే. బస్టాండుకు గాదు."

ఇద్దరూ పెట్టెకు చెరో పక్కా పట్టుకొని నడిచారు. సారు నడకకు వీడు ఉరకాల్సి వచ్చింది. హాస్టల్ దీపాలు కనిపించేదాకా ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. గేటు దగ్గర రాజమల్లు లాంతరు పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"ఏడికి పోయినవురా? నీ పెట్టె లేకపోయేసరికి నా పానం పోయింది!" అని, పక్కన సారును చూసి లాంతరు వెనక దాక్కున్నాడు.

మరునాడు క్లాసులో సారు "సారంగపాణి" అని పిలిచి తల ఎత్తాడు. ఆగాడు. "సారంగపాణి." క్లాసు గుసగుసలాడింది. సారు చూపు తిప్పలేదు. "సారంగపాణి."

"ప్రెజెంట్ సార్."

సారు ముందురోజు గీత కూడా కొట్టేసి హాజరు వేశాడు. పిల్లలు నాలుగు రోజులు నవ్వారు. తర్వాత మా బడి పిల్లల్లాగే వాళ్ళకూ అలవాటైపోయింది. ఆ ఒక్క పేరు దగ్గర ఆగి తల ఎత్తడం నేర్చినవాడు మెల్లగా మిగతా పేర్ల దగ్గర కూడా తల ఎత్తాడట. నేర్చుకోవడం అట్లాగే వస్తుంది — ఒక్క చోట ఆగినవాడికి.

ఒక్కటి మాత్రం సారంగపాణికి వింతగా ఉండేది. ఆ రోజు తర్వాత కిషన్ రావు సారు మస్టర్ హాలు దిక్కు పోలేదు. ప్రాక్టీసు ఎక్కడ చేస్తున్నారు సార్ అంటే మాట మార్చేవాడు.

ఎండాకాలం పరీక్షలు రాశాడు. చివరి పరీక్ష నాడు సారు బస్టాండు దాకా వచ్చాడు. పరకాల బస్సు కదలబోతుండగా కిటికీ పట్టుకున్నాడు.

"ఇన్ని రోజులు చెప్పలే. చెప్తే పెట్టె పట్టుకొని పోతవని చెప్పలే."

"ఏంది సార్?"

"ఆ రోజు... నేను రెండుసార్లే పిలిచిన."

బస్సు కదిలింది.

రాత్రి ఇంట్లో అన్నం తింటూ నాయనమ్మకు అంతా చెప్పాడు. మొగిలమ్మ దీపం వత్తి ఎగదోస్తోంది. ఆగింది.

"మూడోది... గొంతు ఎట్లుండె?"

"జర బొంగురుగ..."

సమ్మమ్మ చేతిలో గరిటె గిన్నెకు తగిలి చప్పుడైంది. పళ్ళెం ముందు సారంగపాణి ఎంగిలి చెయ్యి ఎండిపోతోంది.

"మూడోసారి పిలిచినోడు మనోడే కొడుకా" అంది మొగిలమ్మ చివరికి. "ఉన్నోడైనా... పోయినోడైనా."

లేచి గడప దగ్గరికి పోయింది. బయట చీకట్లోకి చూసింది.

"కట్టయ్యా..."

"కట్టయ్యా..."

"కట్టయ్యా..."

ఎవరూ పలకలేదు. ముసలామె కొంచెంసేపు నిలబడి, తలుపు దగ్గరికి వేసింది.

గొళ్ళెం మాత్రం పెట్టలేదు.